గుడ్లగూబ రాని రోజు

ఇంట్లో కూతురు అడిగితే కుదరదని మొగం తిప్పుకున్న మనిషి, తెల్లారేసరికి అదే పనికి తోటతోటా తిరిగి అందరినీ ఎందుకు ఒప్పించినాడు? పుల్లన్న పోయి ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు జవాబు నాకు దొరకలేదు. దొరికినా అది ఆయన కూతురు త్రివేణికి పనికొచ్చేదో లేదో తెలియదు. నేను రాయబోయేది త్రివేణి గురించి.

మా ఊరి మండలాఫీసుకూ నేను పనిచేసిన లైబ్రరీకీ నడుమ ఒక్క గోడే. ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన ఏడాది త్రివేణిని కాంట్రాక్టు మీద ఆపరేటరుగా పెట్టుకున్నారు. టైపు పాసయి, హిందూపురంలో కంప్యూటరు కోర్సు చేసిన పిల్ల అప్పటికి మా చుట్టుపక్కల ఆమె ఒక్కతే. పొట్టి మనిషి. కుర్చీలో రెండు పాత గెజిట్లు వేసుకుని వాటి మీద కూర్చునేది. ఎవరు పలకరించినా తలెత్తకుండానే జవాబు చెప్పేది, ఆ జవాబు మాత్రం సూటిగా ఉండేది.

"ఏమ్మా, ఈ డబ్బా నీ మాట వింటాదా?" అని రైతులు ఎగతాళి చేస్తే, "నా మాట వినేది ఇదొక్కటే లేప్పా" అనేది.

అదీ ఎక్కువ రోజులు వినలేదు.

ఆ కంప్యూటర్లో ఉత్తరాలు, పట్టికలు తయారుచేసే సాఫ్ట్‌వేరుతోపాటు ఒక సహాయకుణ్ణి కూడా పెట్టి ఇచ్చినారు. సహాయకుడంటే బొమ్మ. గుడ్లగూబ రూపంలో తెర మూలన కూర్చుని, మనం కొట్టేది కనిపెట్టి, "మీరు ఉత్తరం రాస్తున్నట్టుంది, సాయం కావాలా?" అని ఇంగ్లీషులో అడిగేది. మనం ఏదన్నా ప్రశ్న కొడితే తనకు తోచిన జవాబు చూపించేది. మనిషి మాదిరి ఆలోచించే యంత్రాలు రాబోతున్నాయని పేపర్లలో రాస్తున్న రోజులవి. మా ఊరికి ముందుగా వచ్చింది ఈ గుడ్లగూబ. అటెండరు ఎర్రన్నకు అది బొత్తిగా గిట్టలేదు.

"పొద్దన్నే దీని మొగం చూసేదేంది పాపా? చేసినోళ్లకు చిలక దొరకలేదా?" అని మానిటరు మీద ఒక నిమ్మకాయ తెచ్చి పెట్టినాడు. నిమ్మకాయ ఎండిపోయింది గానీ గూబ పోలేదు.

వాన పడని ఆ ఏడాది తిప్పలు మొదలైనాయి. చెనిక్కాయ పంట చేలల్లోనే మాడిపోయింది. పల్లెపల్లెకూ కరువు నివేదిక తయారుచేసి జిల్లాకు పంపల్ల. త్రివేణి పట్టిక సగం కొట్టేసరికి తెర కుంచించుకుపోయి యంత్రం ఆరిపోయేది. మళ్లీ వేస్తే గుడ్లగూబ లేచి, కళ్లు ఒక తిప్పు తిప్పి, అట్లే బిగుసుకుపోయేది. దాని వెనకే ఒక హెచ్చరిక వచ్చేది: ఈ ప్రోగ్రాము ఇల్లీగల్ పని చేసింది, మూసేస్తున్నాము అని. ఇక ఏ ఫైలు తెరిచినా అదే తంతు.

ఆ హెచ్చరికను ఆఫీసరు ఒకనాడు వెనక నిలబడి చదివినాడు.

"ఇల్లీగలా? ఏం కొట్టినావమ్మా నువ్వు?"

"మనది కరువు మండలం అని కొట్టినా సార్."

గుమాస్తాలు నవ్వినారు. ఆఫీసరు నవ్వలేదు. జిల్లా నుంచి ఆయనకు అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు. "వచ్చే వారం లోపల నివేదిక పోకపోతే ఈ పని అనంతపురం పార్టీకి ఇచ్చేస్తా. వాళ్ల మనిషి, వాళ్ల మిషను. నువ్వు ఇంటికాడ కూకో" అన్నాడు.

ఇంటికాడ కూర్చుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పుల్లన్న వేయించిన బోర్లలో నీళ్లు పోసేది ఒక్కటే మిగిలింది. దాని కింద కొంచెం మల్బరీ, ఆ ఆకు మీద ఇంట్లో పట్టుపురుగులు. పురుగులు ఒక పంట పోతే ఇంకో పంట దాకా ఆ ఇల్లు నడిచేది త్రివేణి జీతం మీదనే.

కంప్యూటర్ల మీద మా లైబ్రరీలో ఉన్నది ఒకే ఒక లావుపాటి పుస్తకం. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వచ్చి, తింటూ అది చదివేది. సాఫ్ట్‌వేరు మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించింది. ఒక పూట బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. వైరసేమో అని పాత ఫ్లాపీలన్నీ పక్కన పెట్టింది. గూబను దాచే మీట నొక్కితే దాక్కునేది, మిషను మళ్లీ వేస్తే మళ్లీ వచ్చేది. కంప్యూటరు అమ్మినాయనకు ఫోను చేస్తే, "ఆ బొమ్మను ముట్టుకోవద్దండీ" అన్నాడంట.

"నేను ముట్టుకోను సార్, అదే వచ్చి నన్ను ముట్టుకుంటాది," అంది నాతో. అన్నం డబ్బా మూసి, "ఇది ఒక వారం చస్తాది, ఒక వారం బతుకుతాది. ఎందుకంటారు?" అని అడిగింది.

అప్పుడు వరండాలో లైన్‌మన్ జయరాముడు ఎవరో రైతుకు చెప్తున్నాడు: "ఈ వారం మోటర్లకు త్రీఫేసు పగలు ఇస్తారు. పైవారం రాత్రి. మల్ల పగలు."

త్రివేణి పుస్తకం మూసేసింది.

కరెంటు ఏ ఘడియకు వస్తుందో నమ్మకం లేని పక్క మాది. అందుకని ప్రతి బోరుకూ ఆటో స్టార్టరు ఉంటుంది. కరెంటు రాగానే మోటరు తనంతట తానే తిరుగుతుంది. రైతు చీకట్లో పాముల మీద నడిచిపోయి, తడి చేత్తో మీట నొక్కే పని లేకుండా పెట్టుకున్న డబ్బా అది. అయితే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కపారే లేస్తాయి. లేచినప్పుడు ఓల్టేజీ కూలిపోతుంది. మా ఆఫీసు, లైబ్రరీ కూడా ఆ ట్రాన్స్‌ఫార్మరు కిందే. ఆఫీసులో యుపిఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పని నడుమ మిషను ఆరిపోతే గుడ్లగూబ ఫైళ్లు చెడిపోతున్నాయి, చెడిన గూబ లేచినప్పుడల్లా తక్కిన ప్రోగ్రామును తనతో పడేస్తాంది. త్రివేణి నాకు విప్పి చెప్పింది ఇదే.

కొత్త బ్యాటరీ అడిగితే ఆఫీసరు, "రాసి పెట్టు, జిల్లా నుంచి వచ్చినప్పుడు వస్తాది" అన్నాడు. ఇక మిగిలింది రైతులు. నివేదిక పోయే దాకా ఆటో స్టార్టర్లు తీసేసి, ఒకరి తర్వాత ఒకరు మోటర్లు చేత్తో వేసుకోమని సాయంత్రం వాళ్లను అడగడానికి పోయింది.

"మా పైరు ఎండిందని రాసేదానికి, మా మోటర్లు ఆపి ఉన్న పైరు ఎండబెట్టల్లనా పాపా?" అన్నాడు వెంకటరాముడు. ఆయన తోట పుల్లన్న తోటకు పక్కదే. చుట్టూ ఉన్నోళ్లు నవ్వినారు. ఆమెకూ నవ్వు వచ్చిందంట.

ఇంట్లో జరిగింది ఆమె తల్లి బయమ్మ నాకు తర్వాత చెప్పింది. అన్నాల దగ్గర త్రివేణి, "నాయనా, ముందు మన డబ్బా తీస్తే తక్కినోళ్లు వింటారు" అనిందంట.

"కుదరదు. పురుగులు నాలుగో జరం లేచి, కుబుసం విడిచి ఆకు మీద పడినాయి. ఇప్పుడు ఆకుకు తడి తప్పితే పురుగుల తట్టలెత్తి దిబ్బలో పారబోయల్ల. నీ గూబకు నేనేం చేసేది."

"గూబకు కాదు నాయనా, నా కొలువుకు."

పుల్లన్న చెయ్యి కడుక్కుని, గోడ వైపు తిరిగి పండుకున్నాడంట.

తెల్లారి కూతురు లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. వెంకటరాముడి తోటకు పోయినాడు, అక్కణ్ణుంచి తక్కినోళ్ల తోటలకు. "పాప కొలువుప్పా. ఆ కాగితాలు పోయే దాకా ఓర్చుకోండి. ఒకరేసినాక ఒకరు వెయ్యండి, నాది ఆఖర్న వేసుకుంటా" అన్నాడంట. అడిగింది పుల్లన్న కాబట్టి, ఆఖర్న వేసుకుంటానన్నాడు కాబట్టి, ఎవరూ కాదనలేకపోయినారు.

ఆ పొద్దు త్రీఫేసు వచ్చినప్పుడు నేను బల్ల దగ్గర ఉండాను. నెత్తిన ఫ్యాను కొంచెం మెల్లగయి మళ్లీ అందుకుంది. మళ్లీ మెల్లగయింది, మళ్లీ అందుకుంది. గోడ అవతల టైపు కొట్టే చప్పుడు ఆగలేదు. చాలాసేపటికి ప్రింటరు గీకడం మొదలుపెట్టింది. త్రివేణి కిటికీ దగ్గరికొచ్చి, "సార్, మిషను నిలబడింది. దాచిన గూబ కూడా రాలేదు" అంది. ఆ పిల్ల పళ్లు కనపడేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాయన ఏం చేసినాడో అప్పటికి ఆమెకు తెలియదు.

ప్రింటు ఇంకా అవుతూనే ఉంది. ఎర్రన్న బయటినుంచి వచ్చి ఆఫీసులోకి పోకుండా లైబ్రరీ గడపలో నిలబడినాడు.

"సార్, మీరొచ్చి ఆ పాపతో చెప్పండి. నా చేత కాదు."

పుల్లన్న ఆటో తీసేసినాడు. తన వంతు వచ్చే దాకా మల్బరీ గట్టు మీద కూర్చున్నాడు. వెంకటరాముడు పారించిన నీళ్లు ఆ గట్టు కింద బురద చేసినాయి. ఆయన కాళ్లకు చెప్పుల్లేవు. స్టార్టరు ఇనుప డబ్బాకు ఎర్తు తీగ తెగిపోయి ఉండాది. పచ్చమీట నొక్కబోయిన చెయ్యి దానికే అతుక్కుపోయింది.

దినాలైనాక త్రివేణి పనికి వచ్చింది. నివేదిక పోయిందని ఆఫీసరు ఆమె కాంట్రాక్టు ఇంకో ఏడాదికి పొడిగించినాడు. తోటల్లో ఆటోలు మళ్లీ ఎక్కినాయి, ఎవరినీ తప్పు పట్టేదానికి లేదు. పగటి వారం రాగానే యంత్రం ఆరింది, గూబ లేచి బిగుసుకుంది. ఆమె దాన్ని చూస్తూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండటం ఆఫీసరు చూసి, ఏమనుకున్నాడో, అనంతపురం నుంచి అభిలాష్ అనే మెకానిక్కును పిలిపించినాడు.

ఎర్రన్న ఇచ్చిన టీ తాగుతూ అభిలాష్ రెండు మూడు మీటలు నొక్కి, "అయిపోయింది మేడం" అన్నాడు.

"ఏం చేసినావన్నా?"

"ఈ బొమ్మలన్నీ ఒక ఫోల్డర్లో ఉంటాయి. దాని పేరు మార్చేసినా. ఇంక సాఫ్ట్‌వేరుకు గూబ దొరకదు, మిమ్మల్ని పడెయ్యదు."

"కరెంటు పడిపోతే?"

"మిషను ఆరిపోతాది, మళ్లీ వేసుకోండి. నడుమ నడుమ సేవ్ చేసుకుంటే మీ పని యాడికీ పోదు."

"అయితే మోటర్లు?"

"మోటర్లేంది మేడం?"

ఎర్రన్న అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయినాడు.

ఆ తర్వాత గుడ్లగూబ మా ఆఫీసులో ఎవరికీ కనపడలేదు. త్రివేణి పని మానలేదు. తలెత్తకుండా కొట్టేది, మూడు నాలుగు వరసలకొకసారి ఆగి సేవ్ చేసేది. రైతులు ఆమెను ఎగతాళి చేయడం మానుకున్నారు. బయమ్మ పురుగుల తట్టలు అమ్మేసి కొత్తచెరువులో తమ్ముడింటికి పోయింది. మధ్యాహ్నాలు త్రివేణి లైబ్రరీకి రావడం కూడా నిలిచిపోయింది. కనపడినప్పుడు ఏదన్నా చెప్పాలనుకునేవాణ్ణి. పేపర్లు సర్దుకుంటూ ఉండిపోయేవాణ్ణి.

ఒక సోమవారం గోరంట్ల మీదుగా బెంగుళూరు పోయే బస్సు వచ్చింది. త్రివేణి ఒక చేతిసంచితో ఆఫీసు మెట్లు దిగింది. పని వదిలి పోతున్నట్టు ఆఫీసరుకు చెప్పలేదని, ఎర్రన్నకు కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. నేను లైబ్రరీ వరండాలోనే ఉన్నాను. లేచి నిలబడినాను. ఆమె ఈ పక్కకు తిరగకుండా బస్సెక్కి, అవతలి కిటికీ వైపు సీట్లో కూర్చుంది.