ఏసీ గుడారం ముందు అలిగిన అల్లుడు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేమీ కాదు, పొద్దున ఉగ్గాని తిన్నా ఫోన్లో స్టేటస్ పెట్టుకునే కాలమే. అప్పటికి నాకు పెళ్లయి మూడేళ్లు, కోయిలకుంట్లలో విత్తనాల కొట్టు పెట్టి రెండేళ్లు. ఆళ్లగడ్డలో మా అత్తగారింటికి నేనొక్కడినే అల్లుణ్ణి. నాటుకోడి కోసిన రోజు కందనకాయ నా పళ్లెంలోనే పడేది. కోడికి కందనకాయ ఒక్కటే కాబట్టి, ఇంట్లో ఆ గౌరవం కూడా ఒక్కరికే. అది పుట్టుకతో వచ్చిన హక్కని అనుకునేవాణ్ణి. (చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, నిజం.)

అంతలో మా మరదలికి పెళ్లయి నంద్యాల అల్లుడు వచ్చాడు. మనిషి మంచివాడు, అదే నా బాధ. ఫోన్ల షోరూంలో మేనేజరు. చొక్కా నలగదు, గొంతు లేవదు, "అన్నా, అన్నా" అంటూ నా వెనకే తిరుగుతాడు. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా దొరక్క కుళ్లుకుని చచ్చేవాణ్ణి. ఆ ఎండాకాలం అతను, ఆళ్లగడ్డ దాటగానే అడివి అంచున కొత్తగా వెలసిన అద్దె గుడారాల్లో ఒక పెద్దది మాట్లాడి అందరినీ తీసుకెళ్లాడు. గుడారమన్నది పేరుకే. లోపల ఏసీ, పరుపులు, టీవీ, వేడినీళ్ల కుళాయి, తలుపు బదులు ఈ చివర నుంచి ఆ చివరదాకా జిప్పు. మా అత్త పరుపును రెండుసార్లు నొక్కి చూసి, "మా చిన్నల్లుడు చూడు, అడివిలో గూడ ఇల్లు తెచ్చి పెట్టినాడు," అంది. నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను.

"గుడారంలో ఏసీ ఏందీ? ఆరుబయలంటే గాలికుండాల. నేనీడనే కుచ్చుంటా," అని వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం. అల్లుడు అలిగితే ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలి, రెండుసార్లు వద్దని మూడోసారి లేవాలి, మా ఇళ్లలో తరతరాల పద్ధతి అది. నేను మర్చిపోయింది జిప్పు సంగతి. చల్లగాలి పోతుందని వాళ్లు దాన్ని పూర్తిగా లాగేశారు. ఏసీ మోతలో, టీవీ మోతలో నా అలక లోపలికి వినబడలేదు. దగ్గాను. కుర్చీ ఈడ్చాను. అవతల ఎవరూ లేని ఫోన్లో "నాకు ఆకలి ల్యా, నేనేం తినను" అని గట్టిగా మాట్లాడాను. ఒక కుక్క మాత్రం లేచి నన్ను చూసి మళ్లీ పడుకుంది. చివరికి నా భార్య జిప్పు జానెడు తెరిచి, "వస్తావా, రావా? సల్లగాలంతా పోతాంది," అని, నా జవాబు వినకుండానే మూసేసింది. ఆ జానెడు సందులోంచి కోడిపులుసు వాసన వచ్చింది. లేచి వలకిటికీలోంచి తొంగి చూశాను. అత్త గరిటె నంద్యాల అల్లుడి పళ్లెం మీద ఆగింది. కందనకాయ అక్కడ పడింది. నా కళ్లలో చెమట పడిందనుకున్నాను, చెమట కాదు.

కాసేపటికి జిప్పు తెరుచుకుని మా మామ రెండు పళ్లాలతో బయటికొచ్చాడు. "ఆ సల్లదనానికి మోకాళ్లు పీకుతాండాయప్పా," అంటూ నా పక్కన కూర్చుని సంగటి అందించాడు. అలక సంగతి మరిచి తినడం మొదలుపెట్టాను. సగం అయ్యాక ఆయన నా వైపు చూడకుండానే, "కందనకాయ కోసరమేనా?" అన్నాడు.

"అట్లాంటిదేం ల్యా మామా," అన్నాను.

"నువ్వు రాకముందు అది నాకే ఏస్తాండ్రి. నీ పెండ్లైన మర్సటి దినం నీకు పాయ."

"మరి నువ్వేం చేసినావు?"

"ఏం జేస్తా. సొంతింట్లో అలిగితే బతిమాలనీకి ఎవురొస్తారు?" అని మరో ముద్ద తీసుకున్నాడు.

మూడేళ్లు ఆయన ఎదురుగా కూర్చుని తిన్నాను, ఒక్కనాడూ ఆ పళ్లెంలో ఏముందో చూడలేదు.

ఇప్పుడు నంద్యాల అల్లుడూ నేనూ బాగానే ఉంటాం. అయినా గరిటె ఎటు పోతోందో నా కళ్లు ఇప్పటికీ కనిపెడుతూనే ఉంటాయి, బుద్ధి ఎక్కడికి పోతుంది. ఎప్పుడైనా అది నా వైపు వస్తే "మామకెయ్యి అత్తా" అంటాను. ఆయన తల ఎత్తకుండా పళ్లెం కొంచెం ముందుకు జరుపుతాడు. మా ఇంట్లో మాత్రం మా ఆవిడ ఆ ముక్క నాకే వేస్తుంది. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఇంకా మూడో తరగతే, అయినా నేను నెమ్మదిగా నములుతున్నాను.