ఖాళీ అని చెప్పిందెవరు

2011. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉంది. వారంలో సగం రోజులు బంద్, మిగతా సగం ఆ బంద్‌ల వల్ల ఆగిపోయిన పని. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకుంటూ, ఎల్బీ నగర్ అవతల ఒక బ్యాటరీల ఫ్యాక్టరీకి స్కూటీ మీద వెళ్లొచ్చేదాన్ని. మాది కృష్ణా జిల్లా. ఫ్యాక్టరీలో రాజకీయాలు మాట్లాడకపోవడం అప్పటికే నాకు అలవాటైపోయింది.

నా పని ఇన్‌స్ట్రుమెంటేషన్, అంటే కొలిచే పరికరాలు చూసుకోవడం. బ్యాటరీల్లో పోసే యాసిడ్ ప్లాస్టిక్ గొట్టాల్లో పారుతుంది. లోపల ఏముందో చూడాలని గొట్టం కోయలేం కదా. అందుకోసం రాగి తీగచుట్టలు అమర్చిన రింగు ఒకటి ఉండేది. దాన్ని రెండు ముక్కలుగా విడదీసి గొట్టానికి బయటి నుంచే తొడగాలి. ఆ చుట్టల్లో పుట్టే అయస్కాంత క్షేత్రం, లోపల విద్యుత్తు ప్రసరించే ద్రవం ఉంటే కొద్దిగా మారుతుంది. ఆ మార్పును బట్టి కంప్యూటర్ గొట్టం అడ్డుకోత బొమ్మ గీస్తుంది. యాసిడ్ ఉన్నచోట ఎరుపు, లేనిచోట నీలం. ఆ బొమ్మలు చూసి నేను తెగ మురిసిపోయేదాన్ని. కాకపోతే ముందుగా ఖాళీ గొట్టం మీద ‘జీరో’ పెట్టాలి. అక్కణ్నుంచి ఏం మారిందో అదే బొమ్మలో కనిపిస్తుంది.

రెండు బంద్‌ల మధ్య పనికి ఒక్కరోజు దొరికింది. ఒక జాయింటులో పాతబడిన రబ్బరు వాషరు మార్చాలి. లైను ఖాళీ అని నేను పర్మిట్ మీద సంతకం పెడితేనే బోల్టులు విప్పుతారు. విప్పేది యాదగిరి గారు, సరూర్‌నగర్ మనిషి, నాకంటే చాలా పెద్దవాడు. జాయింటు తలకంటే ఎత్తులో ఉంది. దాని కింద నిలబడి, పైకి చూస్తూ విప్పాలి.

పొద్దున్నే వాల్వు తెరిచి యాసిడ్ దించేశారు. చుక్క పడడం ఆగగానే, హడావిడిలో, ఆ జాయింటు పక్కనే రింగు తొడిగి జీరో పెట్టేశాను. గంట తర్వాత చూస్తే తెరంతా నీలం. సంతకం పెట్టాను.

యాదగిరి గారు బోల్టు ముట్టుకోలేదు. స్పానర్‌తో గొట్టం మీద మెల్లగా కొట్టి చూశాడు.

“మేడం, ఇది ఖాళీగ లేదు. జర ఇనుండ్రి.”

“తెర మీద ఖాళీ అనే చూపిస్తోందండీ.”

“ఇరవై ఏండ్ల సంది గీ పైపులతోనే ఉన్న. అడుగున మొద్దుగ మోగుతుంది.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. కావాలనే సాగదీస్తున్నాడనుకున్నాను. ఆ అనుమానం నాకెందుకొచ్చిందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

“రేపటి బంద్‌కి ఈరోజే పని ఆపేస్తారా ఏంటి?” అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. “బంద్‌కు రేపు పోత మేడం, అది వేరే ముచ్చట. ఒక్కటి చెప్పుండ్రి. ఖాళీ అంటే ఎట్లుంటదో మీ మిషిన్‌కు ఎవరు చెప్పిండ్రు?”

“నేనే.”

“మరి మీకెవరు చెప్పిండ్రు?”

స్టోర్ నుంచి అదే సైజు కొత్త గొట్టం ముక్క తెప్పించాను. దాని మీద జీరో పెట్టి, రింగు తెచ్చి మళ్లీ లైనుకు తొడిగాను. బొమ్మ అడుగున మూడో వంతు ఎర్రబడింది. ఎండలకు గొట్టం ఆ జాయింటు దగ్గర కుంగింది. ఆ పల్లంలో యాసిడ్ నిలిచిపోతే, నేను దాన్ని కూడా కలిపి ఖాళీ అని లెక్కగట్టాను.

కింద చెక్క పెట్టి, కుంగిన చోటును జాకీతో పైకెత్తితే వాల్వులోంచి నాలుగు బకెట్ల యాసిడ్ దిగింది. అదంతా ఆయన ముఖాన పడాల్సింది. పర్మిట్ చించేసి, “తప్పు నాది, యాదగిరన్నా” అన్నాను. ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

“కొత్త కాయితం మీద సంతకం పెట్టుండ్రి మేడం” అన్నాడు ముఖానికి కవచం తగిలించుకుంటూ. “జల్ది కానియ్యాలె. రేపు బంద్.”

యంత్రం అబద్ధం చెప్పలేదు. నేను ఖాళీ అన్నదాన్నే అదీ ఖాళీ అంది. ఆ తర్వాత చాలా ప్లాంట్లలో పనిచేశాను, ఇంతకంటే మంచి పరికరాలూ వాడాను. ఇప్పటికీ జీరో బటన్ నొక్కే ముందు, ఆ లైను నడిపే మనిషిని పిలిచి స్పానర్ చేతికిస్తాను.