గడియారమ్మ వేసిన ఐదు రోజుల చార్టు

మా బస్సు డిపోలో ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ తెలియదు. క్లీనర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ గడియారమ్మే. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్నింటికి ఉండాలో చార్టు వేయడం ఆవిడ పని. ముప్ఫై రెండేళ్ళు ఆ పనే చేసింది. పక్క బల్ల నాది. డ్రైవర్లకు డ్యూటీలు వేసేదాన్ని కాబట్టి మెప్పులన్నీ ఆవిడకీ తిట్లన్నీ నాకూ వచ్చేవి.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. కొత్త రూటుకి టైము వేయాలంటే ఎవరైనా మంచి బస్సులో ఒకసారి తిరిగొచ్చి రాసేస్తారు. ఈవిడ మాత్రం షెడ్డులో మూలుగుతున్న అన్నిటికంటే ముసలి బస్సుని బయటికి తీయించేది. మెకానిక్కులు తల పట్టుకునేవాళ్ళు. "ఇది వెళ్ళగలిగితే ఏదైనా వెళ్తుంది. దీన్ని వదిలేసి వేసిన టైము అబద్ధం," అనేది. పనిచేసినన్నాళ్ళూ ఒక్క బండిని కూడా నెమ్మదిగా నడుస్తోందని చార్టు నుంచి తీసేయలేదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ మొండితనం వల్లే ఆవిడంటే గౌరవం కూడా.

అలాంటి మనిషి డెబ్భై ఒకటో ఏట యూరప్‌లో ఒక నగరం చూసి రావడానికి చార్టు వేయడం మొదలుపెట్టింది. ఐదు రోజులు. ఆవిడ, కూతురు, కూతురి పిల్లలిద్దరూ. మనవడికి పదిహేడు, మనవరాలికి పదిహేను. కూతురు నర్సు. ఆ అమ్మాయి ఆసుపత్రి షిఫ్టులతో కొట్టుకుంటుంటే పిల్లలిద్దరినీ చంకనేసుకుని పెంచింది గడియారమ్మే. ఇప్పుడు వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం వస్తారు, సోఫాకి అటొకరు ఇటొకరు చేరి ఫోన్లలో తలలు దూరుస్తారు, కాసేపటికి వెళ్ళిపోతారు. ఏమడిగినా "ఊఁ" అంటారు. ఆ ఊఁలకే ఆవిడ మురిసిపోయేది.

"వచ్చే ఏడు వాడు కాలేజీకని వేరే ఊరు పోతాడే. వాడు లేకపోతే అదీ రాదు," అంది ఒకరోజు నాతో. "ఈ సెలవులు దాటాయంటే వాళ్ళిక నాకు దొరకరు. ఐదు రోజులు ఒకే గదిలో, నాలుగు మంచాలు. ఎక్కడికి తప్పించుకుంటారు చెప్పు."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

టికెట్లు తర్వాత, ముందు చార్టు అంది. నిజం చెప్పాలంటే ఆ రెండు వారాలు ఆ ఇల్లు కళకళలాడింది. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి బల్ల దగ్గరికొచ్చారు. వాడికి ఫుట్‌బాల్ స్టేడియం కావాలి, నది మీద పడవ కావాలి. దానికి నాలుగు వందల మెట్లున్న టవర్ కావాలి, పాత బట్టలమ్మే సంత కావాలి. మనవరాలు అమ్మమ్మ భుజం మీద గడ్డం ఆనించి "ఇది కూడా రాయి, ఇది కూడా" అంటుంటే గడియారమ్మ పెన్సిలు ఆగలేదు. లెక్కేస్తే పంతొమ్మిది చోట్లు తేలాయి.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ట్రయల్ లేకుండా ఆవిడ చార్టు ఎప్పుడిచ్చింది గనక. ఆ నగరంలో వీళ్ళు దిగబోయే హోటల్ నుంచి మ్యూజియానికి కిలోమీటరున్నర. తన గుమ్మం నుంచి రైలు పట్టాల మీది వంతెన ఎక్కి దిగి పోస్టాఫీసుకి వెళ్తే సరిగ్గా అంతే. ఆదివారం అందరం బయల్దేరాం. వాచీ నా చేతిలో పెట్టింది.

వాళ్ళ ఫోన్ లెక్కన పిల్లలు పదహారు నిమిషాల్లో చేరారు. గడియారమ్మకి యాభై ఒకటి పట్టింది. వంతెన మెట్ల మీద మూడుసార్లు ఆగింది. మూడోసారి రెయిలింగు పట్టుకుని, నా వైపు చూడకుండా, "ఆపకు, వాచీ నడవనీ," అంది. మేం వెళ్ళేసరికి పిల్లలు పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పాపం, వాళ్ళు ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే నాకు ఇంత బెంగ ఉండేది కాదు.

మరుసటి ఆదివారానికి చార్టు తయారైంది. యాభై ఒక్క నిమిషాల లెక్కన. పంతొమ్మిది చోట్లు ఆరయ్యాయి.

"చాలమ్మా, నెమ్మదిగా చూద్దాం. అందరం కలిసి ఉండటమేగా కావాల్సింది," అంది కూతురు, పిల్లల వైపు చూస్తూ.

"ఊఁ," అన్నాడు మనవడు.

మనవరాలు కాగితం అటూ ఇటూ తిప్పింది. "టవర్ లేదా అమ్మమ్మా?"

"లేదమ్మా. మధ్యలో ఇమడలేదు."

"పర్లేదులే," అని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

నేనుండబట్టలేక, "వాళ్ళని టవరెక్కనిచ్చి నువ్వు కింద బెంచీ మీద కూర్చో అక్కా, ఏం పోయింది?" అన్నాను.

"కూర్చోడానికైతే ఇక్కడ సోఫా ఉందిగా," అంది గడియారమ్మ.

తర్వాత చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. అందులో మనిషికొకటి చొప్పున, ఎవరి నడక టైము వాళ్ళకి, నాలుగు నిలువు గడులు గీసి ఉన్నాయి. మొదటి గడి తనది. దాన్ని పైనుంచి కిందికి స్కేలు పెట్టి కొట్టేసింది. "మీ ముగ్గురూ వెళ్ళండి. ఇప్పుడన్నీ ఇముడుతాయి."

"అదేంటమ్మా, నువ్వు లేకుండా ఎలా?" అంది కూతురు. పిల్లలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెలవు దొరికిన డ్రైవర్ల మొహాలు నేను ముప్ఫై ఏళ్ళు చూశాను. నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ కూడా చూసింది, చూసి తల దించుకుంది.

మనవరాలు మెల్లగా అడిగింది. "అమ్మమ్మా, మరి నాలుగో మంచం ఖాళీయే కదా. మా ఫ్రెండ్‌ని రమ్మననా?"

ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. కానీ దాని మాటలో చెడు లేదు. ఆశ ఉంది, అంతే. అన్ని ఆదివారాల్లో ఆ ఇంట్లో దాని గొంతులో అంత ఆశ నేను వినలేదు.

"అడుగు," అంది గడియారమ్మ.

మనవరాలు అక్కడే ఫోన్ చేసింది. అవతలి పిల్ల ఎగిరి గంతేసినట్టుంది, ఆ కేరింత మా అందరికీ వినిపించింది. ఫోన్ పెట్టేశాక గడియారమ్మ కొత్త కాగితం తీసి, మళ్ళీ నాలుగు గడులు గీసి, పెన్సిలు మొదటి గడి మీద ఉంచింది.

"ఆ పిల్ల నడక ఎలా ఉంటుంది?"

"స్కూల్లో పరుగు పందేల్లో తనే ఫస్ట్ అమ్మమ్మా."

"అయితే పదిహేను నిమిషాలు చాలు," అని రాసుకుంది. నేను మాత్రం అక్కడ కూర్చోలేక, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా చెప్పులేసుకుని బయటికొచ్చేశాను.