నిద్రించారు, నిద్రపోయారు

2000 జూన్‌లో నన్ను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యు.కు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా వేశారు. స్టాఫ్ నర్సుకు పైన, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కింద ఉండే హోదా అది. మందులు, మంచాలు, డ్యూటీ చార్టుతో పాటు, లోపలి రోగి ఎలా ఉన్నాడో బయటి బంధువులకు చెప్పే పని కూడా నాదే. ఫోనులో అయితే రెండు ముక్కల్లో చెప్పాలి. మరణవార్త మాత్రం ఫోనులో చెప్పకూడదు. డ్యూటీ డాక్టరు నిర్ధారించాక, బంధువులను పిలిపించి, ఎదురుగా చెప్పాలి.

మొదటి నెలలోనే దేవదానం వచ్చాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకు బోర్డులు రాసేవాడు. కొత్త కోర్సులు ఆగకుండా వస్తున్న రోజులు కాబట్టి పనికి కొదవ లేదు. జావా అంటే ఏమిటో తెలియదు గాని, అమీర్‌పేటలో సగం జావా తన చేతిరాతేనని నర్సులతో గొప్పలు పోయేవాడు. రెండు ఊపిరితిత్తులకూ న్యుమోనియా పట్టింది. అతను బతకాలని భార్య మరియమ్మ, వాళ్ల చర్చి సంఘంవాళ్లు ఉపవాస ప్రార్థనలు చేస్తున్నారు. ఆ సంఘం ఆదివారాల్లో ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద, కంప్యూటర్లకు గుడ్డలు కప్పి, కూడుకునేది.

నేనూ క్రైస్తవురాలినే. అంతకు ఏడాది ముందు నా భర్త కిడ్నీ జబ్బుతో చనిపోయారు. ఏడు నెలలు ప్రార్థించాను, ఆయన దక్కలేదు. ఆ తర్వాత కూడా చర్చికి వెళ్లేదాన్ని, పాటలు పాడేదాన్ని. ప్రార్థన మాత్రం మానేశాను. అడిగినది దొరకనప్పుడు అడగడం దేనికని.

దేవదానానికి మూడు రోజులు ఆయాసంతో కునుకు లేదు. నాలుగో రోజు, మంగళవారం ఉదయం, కొంచెం నెమ్మదించి కన్ను మూతపడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అంతలో వాళ్ల పాస్టరు గారి ఫోను. పెద్దాయన, గుంటూరు వైపు మనిషి. ఆయనతో మర్యాదగా మాట్లాడాలన్న తాపత్రయంలో నా నోటికి చర్చి భాష వచ్చేసింది.

"అయ్యగారూ, వందనాలు. దేవదానం గారు ఇప్పుడే నిద్రించారండీ. దేవునికి స్తోత్రం."

"ప్రభువు చిత్తమమ్మా" అని ఆయన నీరసంగా ఫోను పెట్టేశారు. రోగి నిద్రపోతే ఇంత దిగులెందుకని నాకు ఆశ్చర్యం వేసింది.

ముప్పావుగంటకు సెక్యూరిటీ అతను పరుగున వచ్చాడు.

"మేడం, పది మంది వచ్చిన్రు. పెట్టె ఏ గేటు కాంచి తేవాల్నని అడుగుతున్రు."

"ఏం పెట్టె?"

"ఏమో మేడం. ఆరడుగులు సరిపోతదా అని సుత అడుగుతున్రు."

అప్పుడు వెలిగింది. మా వాళ్లలో మనిషి నిద్రపోతే నిద్రపోయాడంటారు. నిద్రించాడంటే ప్రభువునందు నిద్రించాడని, అంటే పోయాడని.

గేటు దగ్గరికి పరుగెత్తి, మావాళ్లు చర్చికీ చావుకీ కట్టే తెల్లచీరలో నిలబడి ఉన్న మరియమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. ఆ అలికిడికి దేవదానం కళ్లు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపి, "తెల్లచీర కట్టినవేందే, ఇయ్యాల ఆదివారమా?" అన్నాడు.

"ఆదివారమే. సప్పుడు చెయ్యక పండు" అంది మరియమ్మ. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

సూపరింటెండెంట్ గారు నన్ను సంజాయిషీ అడిగారు. కాకినాడ ఆవిడ, మా మతం కాదు. "నిద్రించారన్నా నిద్రపోయారన్నా ఒకటేగా? వాళ్లకి అంత తొందరేంటి?" అన్నారు. ఒకటి కాదండీ అని వివరించాను. అంతా విని, "సరే, తెలుగులోనే రాసివ్వు. ఇంగ్లీషులో రాస్తే మళ్లీ రెండూ ఒకటైపోతాయి" అన్నారు.

మరియమ్మకు క్షమాపణ చెప్పడానికి కారిడార్లో బెంచీ దగ్గరకు వెళ్లాను.

"ఫికర్ చెయ్యకుండ్రి సిస్టరమ్మా," అంది. "ఇన్ని రోజులు బాగు చెయ్యి, బాగు చెయ్యి అనుడే. ఇయ్యాల ఆటోల కూసుంటే అడుగనీకె ఏం లేకపాయె. అయినా దేవునితోని మాట్లాడబుద్ధైంది."

"ఏం మాట్లాడావమ్మా?"

"జర తిట్టిన. అటెనుక, జరిగి కూసో, నేనొక్కదాన్నే పోలేనన్న."

దేవదానం ఇంకో తొమ్మిది రోజులు ఉన్నాడు. అతని కోసం వాళ్లు చేసిన ప్రార్థన నెరవేరలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, డ్యూటీ డాక్టరు మరణాన్ని నిర్ధారించాక, మరియమ్మను పిలిపించాం. డాక్టరు ఇంగ్లీషు కలిపి చెప్పినది ఆమెకు పూర్తిగా అందలేదు. నా వైపు చూసింది.

"చనిపోయారమ్మా" అన్నాను.

"ఈసారి నిజమేనా సిస్టరమ్మా?"

"నిజమే."

కుర్చీ అడిగి మంచం పక్కన కూర్చుంది. పది నిమిషాలు పెదవులు కదులుతూనే ఉన్నాయి. పై అంతస్తు నుంచి ఇంకో రోగిని ఆ మంచం మీదికి తేవలసి ఉంది. ఆ పది నిమిషాలు నేను ఆపించాను.

ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన ప్రతి కొత్త బ్యాచి నర్సులకూ ఒకటి చెప్పేదాన్ని. బంధువులతో మాట్లాడేటప్పుడు మాట అందంగా ఉండనక్కరలేదు, రెండో అర్థం లేకుండా ఉంటే చాలు. బతికి ఉంటే బతికి ఉన్నారని, పోతే పోయారని చెప్పండి.

రెండోది ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన అంటే అడగడమేనని అనుకున్నాను, అందుకే జవాబు రాకపోతే మానేశాను. నా భర్త విషయంలో దేవుడు ఎందుకు వినలేదో నాకు ఈనాటికీ తెలియదు. కానీ మరియమ్మ తన మనిషిని తీసుకుని వెళ్లిన మర్నాడు, డ్యూటీకి వస్తూ బస్సులో, ఏడాది తర్వాత మొదటిసారి దేవుడితో మాట్లాడాను. నేనూ తిట్టుతోనే మొదలుపెట్టాను.