ఇస్త్రీ చేసిన గ్యాస్కెట్

పెళ్లికొడుకును ముహూర్తానికి ముందే ఆవిరి మీద ఉడికించిన బావ ఈ సూరత్ చుట్టుపక్కల నేనొక్కడినే అనుకుంటాను. ఇంకెవరైనా ఉంటే దయచేసి ముందుకు రండి, పక్కపక్కన కూర్చుని ఏడుద్దాం. లేరంటే నా గోడు వినండి. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. మా అత్తగారింట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నేను తెలంగాణ నుంచి బతకడానికి వచ్చి, సూరత్ పక్కనే పల్సానాలో ఒక పవర్‌లూమ్ షెడ్డులో మాస్టర్నయ్యాను. పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టర్ని కాదు, ఆగిపోయిన మగ్గాన్ని మళ్ళీ ఆడించేవాణ్ణి. ఏ మగ్గం మూలిగినా "మాస్టర్‌కో బులావ్" అని కేక పడుతుంది. ఆ కేక వినీ వినీ నా తల షెడ్డు తలుపులో పట్టనంత పెరిగింది. మగ్గం తిరుగుతుంది, ఇంజనూ తిరుగుతుంది, కాబట్టి తిరిగేదంతా నా చేతి కిందిదే అని నమ్మేశాను. ఆ లెక్కన భూమి కూడా తిరుగుతుందని నాకెవరూ గుర్తుచేయలేదు.

సూరత్‌లోని సలాబత్‌పురా బట్టల బజారుకు చీరల మూటలు మోయడానికి నాకొక పాత వ్యాను ఉండేది. ఇంజను ముందు సీట్ల కిందే ఉండే రకం. అది పొగ కక్కడం మొదలుపెట్టింది. మెకానిక్కు ఎందుకు, మనం చచ్చామా అనుకుని, ఫోన్లో వీడియోలు చూసి ఇంజను విప్పేశాను. పిస్టన్లకు కొత్త రింగులు వేసి, హెడ్డు ఎక్కించాను.

తెలియనివాళ్ళకు చిన్న మాట. సిలిండర్లున్న దిమ్మకూ, దానిమీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య పల్చటి పలక ఒకటి ఉంటుంది. దాన్నే హెడ్ గ్యాస్కెట్ అంటారు. ఒక పక్క మంట, ఒక పక్క నీళ్ళు, మరోపక్క నూనె. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఆపేది అదే. ముగ్గురు కోడళ్ళ ఇంట్లో అత్తలాంటిదన్నమాట. కొత్త గ్యాస్కెట్ తెచ్చి పెట్టి, బోల్టులన్నీ బిగించి, మీసం దువ్వుకున్నాను. మర్నాడే మా బామ్మర్ది రాజు పెళ్లి, హైవే మీద వెళ్ళాల్సిన కిమ్ అనే ఊళ్ళో, పెళ్లిపిల్ల వాళ్ళింటి దగ్గర. పెళ్లికొడుకు నా వ్యానులోనే రావాలని మామకు గొప్పగా చెప్పి ఉన్నాను.

అప్పుడే నా భార్య సుజాత దేనికోసమో వెతుకుతూ బయటికొచ్చింది.

"ఏందయ్యా, పచ్చ జాకెట్ పీసు కనవడ్డదా?"

"ఏ పీసు?"

"పెండ్లిపిల్ల చీర మీదిది. జరీ అంచు ఉంటది. ఈడనే తీగె మీద ఏసిన."

చేతిలోని పానా కింద పెట్టేశాను. ఇంజను విప్పి పెట్టినప్పుడు లోపల దుమ్ము పడకుండా చేతికందిన గుడ్డలు సిలిండర్లలో కుక్కాను. సూరత్‌లో చేయి చాపితే గుడ్డ కాక ఇంకేం అందుతుందండీ! మూసేముందు అన్నీ తీశాననుకున్నాను.

"పచ్చదేనా?" అన్నాను నీరసంగా.

"చెప్తున్న గద!"

"అయితే సిలిండర్ల ఉన్నట్టున్నది."

సుజాత వంటింట్లోకి వెళ్ళి, గ్యాస్ బండ వెనక చూసి వచ్చింది. "ఆడ లేదు."

"ఆ సిలిండర్ కాదు," అని ఇంజను వైపు వేలు చూపించాను.

ఆమె ఇంజనును చూసింది, నన్ను చూసింది, ఆకాశాన్ని చూసింది. హెడ్డు బిగించనేల, గుడ్డ వెతకనేల అని పెద్దలు ఊరికే అనలేదు. అనలేదా? అనాల్సింది.

మళ్ళీ బోల్టులన్నీ విప్పాను. జాకెట్ పీసు నూనెలో వేగిన గోంగూర కట్టలా బయటికొచ్చింది. గ్యాస్కెట్ మాత్రం దిమ్మకు అతుక్కుపోయింది. స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే అప్పడంలా వంకర తిరిగి చేతికొచ్చింది. నేను స్పేర్ పార్టుల దుకాణం భాయ్‌కి ఫోన్ చేసి, ఒక్కసారే బిగించిన గ్యాస్కెట్‌ను మళ్ళీ పెట్టొచ్చా అని అడిగాను.

"భాయ్, ఏక్ హీ బార్ టైట్ కియా. ఇంజన్ స్టార్ట్ భీ నహీ కియా. వహీ గ్యాస్కెట్ ఫిర్‌సే లగావూఁ?"

"నహీ చాలే!" అని, అంటే కుదరదని, ఆయన గుజరాతీలో మొదలుపెట్టాడు. అది నలిగేది ఒక్కసారేనట. మళ్ళీ బిగిస్తే ఎక్కడో ఒకచోట కారుతుందట. కొత్తది తన దగ్గర లేదు, ఎల్లుండి వస్తుంది, అప్పటిదాకా ఆ బండిని ముట్టుకోవద్దన్నాడు. ఆయన చెప్పిందంతా నాకు శుభ్రంగా అర్థమైంది. అర్థం కానట్టు ఫోన్ పెట్టేశాను.

"ఏమన్నడు?" అంది సుజాత.

"చూసుకొని పెట్టుమన్నడు."

"నాకు ఇనవడ్డది. నహీ చాలే అన్నడు. జర వేరే బండి మాట్లాడు."

"ఇంట్ల కుక్కర్ గ్యాస్కెట్ రోజు తీస్తలేవా, మళ్ళ పెడ్తలేవా? అన్నం ఉడుకుతలేదా?"

"అది రబ్బరయ్యా!"

"గ్యాస్కెట్ అంటే గ్యాస్కెట్టే."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ మూడు కాళ్ళతోనే దాన్ని పరుగు పందేనికి పంపదలచుకున్నాను. గ్యాస్కెట్‌ను అరుగు మీద పరిచి, పైన తడిగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టె తెచ్చి రుద్దడం మొదలుపెట్టాను. "కాటన్ మీద పెట్టాల్నా, సిల్కు మీద పెట్టాల్నా?" అని అడిగితే సుజాత గడపలో కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుంది.

వంకర పోయింది. మడత మాత్రం కొంచెం ఉంది. బోల్టులు బిగిస్తే అదే సర్దుకుంటుందని బిగించేశాను. తాళం తిప్పగానే ఇంజను పిల్లిపిల్లలా గురగురలాడింది. గల్లీలో ఒక చుట్టు తిప్పి తెచ్చి, "చూసినవా మాస్టర్ పని?" అన్నాను.

"చూసిన. రేపు గూడ చూస్త," అంది సుజాత.

మర్నాడు పొద్దున రాజు పట్టుపంచె కట్టుకుని, నుదుట బాసికంతో నా పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక మామ, అత్తమ్మ, సుజాత, వాళ్ళ మీద చుట్టాలు, చుట్టాల మీద సామాన్లు. హైవే ఎక్కి జోరు పెంచాను.

"బావా, సీటు జర వెచ్చగున్నది," అన్నాడు రాజు.

"ఎండరా."

"ఎండ కిందికెల్లి వస్తదా బావా?"

"పెండ్లి గాబరా. నాకు గూడ గట్లనే అయింది."

ఇంతలో మామ వెనక్కి తిరిగి చూసి, "అల్లుడా, ఎనక తొవ్వ కనవడ్తలేదు. సూరత్‌ల మంచు పడ్తదా?" అన్నాడు.

అది మంచు కాదు. మా వ్యాను తెల్లటి పొగ వదులుతోంది. నీళ్ళు సిలిండర్లోకి చేరి ఆవిరైపోతున్నాయి. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. నేను బ్రేకు తొక్కేలోపే సీటు కింద ఏదో 'భుస్' మంది. కుక్కర్ విజిల్ విన్నారు కదా, దానికి తాతలాంటి చప్పుడు. రాజు సీటు మీంచి నిలువునా లేచి పైకప్పుకు తలకొట్టుకున్నాడు. ఆవిరిలో వాడి కల్యాణతిలకం ముక్కు మీదుగా గడ్డానికి జారింది.

"ఓరి నా కొడుకా! కుడుము లెక్క ఉడుకుతున్నడే!" అని అత్తమ్మ గుండెలు బాదుకుంది.

అందరం కిందికి దూకాం. దేవుడి దయవల్ల రాజుకు పంచె తడవడం తప్ప ఏమీ కాలేదు. ఇంజను కాస్త చల్లారాక మా దగ్గరున్న నీళ్ళన్నీ రేడియేటర్లో పోశాం. తాగినవి తాగినట్టే కక్కింది. మామ దారిలో తాగడానికి తెచ్చిన మజ్జిగ క్యాను పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"మామా, అది సల్ల!"

"సల్ల పోస్తెనే సల్లవడ్తది. జరుగు!"

జరిగాను. వ్యాను జీలకర్ర తాలింపు వాసనతో త్రేన్చి, ఇక నోరు తెరవలేదు.

ముహూర్తం దగ్గర పడుతోంది. రాజు నా వైపు చూసిన చూపుకు ఆ పక్క చెరుకుతోట అంటుకోనందుకు ఆశ్చర్యపోయాను. సుజాత మాత్రం రోడ్డుకు అడ్డంగా నిలబడి, చెరుకు లోడుతో వస్తున్న ట్రాక్టరును ఆపింది. డ్రైవరుకు హిందీలోనూ గుజరాతీలోనూ కలిపి ఏం చెప్పిందో గానీ, ఆయన దిగొచ్చి పెళ్లికొడుక్కు దండం పెట్టి మరీ పైకెక్కించాడు. చెరుకు గడల మీద రాజు, వాడి చుట్టూ మేము.

కిమ్ చేరేసరికి నేను మొహం దాచుకోవడానికి గడల్లోకి దూరిపోయాను. పెళ్లివారు తిడతారనుకున్నాను. కానీ పెళ్లిపిల్ల నాయనమ్మ చేతులు జోడించి, "చెరుకు మీద వచ్చిండే! అచ్చం మన్మథుడే!" అంది. అంతే, బ్యాండు మోగింది. ఫోన్లు పైకి లేచాయి. పంతులుగారు కూడా మన్మథుడి విల్లు చెరుకుగడే కదా అని మైకులో వివరించారు. పెళ్లి సమయానికే జరిగింది.

భోజనాల దగ్గర పెళ్లిపిల్ల తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చి చేయి పట్టుకున్నాడు.

"బాబూ, ఈ ఏర్పాటంత నీదేనట గద?"

"నాదే," అన్నాను, కాదనే ధైర్యం లేక.

"మస్తుగున్నది. మా చిన్నబిడ్డ పెండ్లికి గూడ నీ బండే పెట్టాలె. కాని జర మా ఇంటి దగ్గర ఖరాబ్ చెయ్, దూరం చేస్తే లేటయితదేమో!"

అందుకని పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఒకసారి బిగించిన గ్యాస్కెట్‌ను ఇక మళ్ళీ బిగించను. ఎంత బతిమాలినా, ఎంత కొత్తగా కనిపించినా దాని వైపు చూడను. ఈ మాట తప్పితే వచ్చే జన్మలో హెడ్ గ్యాస్కెట్‌గా పుట్టి, నాలాంటి మాస్టర్ చేతిలోనే పడుదును గాక!