పసుపు చీటీ డబ్బా

నా చిన్నప్పుడు, నాకు పదో ఏడు నడుస్తుండగా, మా ఇంట్లోనూ పక్కింట్లోనూ ఒకేసారి ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళోసుకున్నారు. ఒకరు మా అమ్మ, ఇంకొకరు పక్కింటి అక్క. చిలకలూరిపేటకు నాలుగు మైళ్ళ దూరంలో, చుట్టూ పత్తి చేలూ మిరప చేలూ ఉన్న ఊరు మాది. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. అమ్మ మిరప కల్లాలకు వెళ్ళి కాయల తొడిమలు తీసేది. నా తరువాత మా అమ్మకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పిడికెడంత ఉండి, నెల తిరక్కుండానే పోయారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ ఆ ఏడు అమ్మ కడుపు కనబడడం మొదలయ్యాక నాన్న చేతిలో పని ఆపేసి మరీ ఆమె వైపు చూస్తూ కూర్చునేవాడు.

పక్కింటి అక్క అంతకు ముందు ఏడే ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. పాడీ పంటా ఉన్న రైతుల ఇల్లు. వచ్చిన కొత్తలో ఆమె అంటే నాకు ప్రాణం. రోజూ నన్ను పిలిచి జడ వేసేది, తన పెట్టెలోని రిబ్బన్లన్నీ నా ముందు పోసి ఏది కావాలో ఏరుకోమనేది. అలాంటి మనిషి, కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి నా కంటికి గిట్టకుండా పోయింది. ఒంగోలు నుంచి ఆమె పుట్టింటివాళ్ళు వచ్చి మోచేతుల దాకా గాజులు తొడిగారు. మంగళగిరి చీరలు రెండు పెట్టారు. ఆమె అరుగు మీద నీడపట్టున కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు పలకరించేవారు. మా అమ్మ ఆరో నెలలో కూడా ఎర్రటి ఎండలో, మిరప ఘాటుకు దగ్గుతూ కల్లానికి వెళ్ళేది. ఆమెను పలకరించిన వాళ్ళు లేరు. నా అసూయ నా కోసం కాదు, అమ్మ కోసం. అందుకే అది తప్పని నాకు ఏ కోశానా తోచలేదు.

ఆ రోజుల్లోనే మా ఊరికి గురువారం గురువారం ఒక జీపు రావడం మొదలైంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఏం తింటున్నారు, వాళ్ళకు పుట్టే బిడ్డలు ఎంత బరువుంటున్నారు అని పరిశోధన చేసేవాళ్ళది ఆ జీపు. డాక్టరమ్మ ఎప్పుడో ఒకసారి కనబడేది. ప్రతి వారం వచ్చేది మాత్రం సన్నగా, పొడుగ్గా ఉండే ఒక నడివయసు ఆవిడ. తూకం మిషను మోసుకుని, లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఊళ్ళో అందరూ ఆవిడను తూకాలమ్మ అనేవారు. ఆవిడా ఆ పేరుకే పలికేది.

మొదటిసారి మా అరుగు మీదే అమ్మనూ అక్కనూ కలిపి కూర్చోబెట్టింది. బరువు చూసింది, జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిచింది. తరువాత పుస్తకం తెరిచి, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారో చెప్పండమ్మా" అని అడిగింది.

అమ్మ ఒక్క క్షణం అక్క వైపు చూసి, "పప్పు, గుడ్డు, పెరుగన్నం" అంది.

"గుడ్డెప్పుడు తిన్నావే అమ్మా? గోంగూర పచ్చడేగా!" అన్నాను నేను. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. తూకాలమ్మ నవ్వకుండా గోంగూర అనే రాసుకుంది.

అక్కను అడిగితే, తల వంచుకుని, "అన్నీ తిన్నానండీ" అంది. వెనక ఆమె అత్తగారు నిలబడి ఉంది. ఆవిడను నేను మామ్మా అని పిలిచేదాన్ని. అన్నీ తిన్నానన్న ఆ మాట చాలు, వారమంతా నా కడుపు మండడానికి.

ఆ తరువాత డబ్బాలు వచ్చాయి. వేయించిన పప్పుల పొడి లాంటిది, రోజూ రెండు చెంచాలు జావలో కలుపుకుని తాగాలి. కొన్ని డబ్బాల మీద పసుపు చీటీ, కొన్నింటి మీద నీలం చీటీ అంటించి ఉన్నాయి. అంటించి మూసిన కవర్లు తెచ్చి ఒక్కొక్కరినీ ఒక్కొక్కటి తీసుకోమన్నారు. లోపల ఏ రంగు వస్తే నెల నెలా ఆ రంగు డబ్బాయే. అక్కకు పసుపు వచ్చింది. మా అమ్మకు నీలం వచ్చింది.

నాకు అక్కడే అర్థమైపోయింది, మంచిది పెద్దింటికి వెళ్ళిందని. అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పసుపు చీటీ డబ్బాలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా, కమ్మగా ఉంది. ఇంటికొచ్చి మాది రుచి చూస్తే తవుడు బుక్కినట్టు ఉంది. అమ్మతో చెబితే, "ఏదో ఒకటి ఇచ్చారుగా, నోరు మూసుకో" అంది. నాన్నతో చెబితే వినిపించుకోలేదు. కడుపులో బిడ్డకు ఏం జరుగుతుందో తెలిసినదాన్ని ఇంటి మొత్తానికి నేనొక్కదాన్నే అనిపించింది.

రెండో నెల కొత్త డబ్బాలు ఇచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మామ్మ చేలోకి వెళ్ళింది. అక్క నిద్రపోతోంది. మా డబ్బా పరికిణీ చాటున పెట్టుకుని వాళ్ళ వంటింట్లోకి దూరాను. రెండు పాత పేపర్లు పరిచి, అందులోది ఇందులోకీ ఇందులోది అందులోకీ మార్చి మూతలు పెట్టాను. ఆ సాయంత్రం అమ్మ జావ తాగుతుంటే గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, అమ్మ మంచిది తాగుతోందన్న సంతోషం కన్నా, అక్క మా తవుడు తాగుతోందన్న సంతోషమే నాకు ఎక్కువగా ఉంది.

రెండు వారాలు తిరిగాయో లేదో, ఇంకా నెలన్నర గడువుండగానే అక్కకు నొప్పులొచ్చాయి. బండి కట్టి పేట ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆడపిల్ల పుట్టింది. వారం తరువాత ఇంటికి తెచ్చారు కానీ, చూసొచ్చిన ఆడవాళ్ళు ఎవరూ బిడ్డ బాగుందని అనలేదు.

ఆ రోజు నాన్న చేతిలో ఉన్న పరుపు పక్కన పడేశాడు. ఉన్న పత్తిలో మేలైనది ఏరి, గింజ ముక్క కూడా లేకుండా మూడుసార్లు ఏకాడు. దూదేకే వింటి నారి మోత వీధి చివరిదాకా వినిపించింది. పొగలా తేలిపోతున్న ఆ దూదిని ఉతికిన గుడ్డలో మూటగట్టి నా చేతిలో పెట్టాడు. "మామ్మకిచ్చి రా. బిడ్డని ఇందులో పడుకోబెట్టమను, వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

వెళ్ళాను. మామ్మ దూది పరిచి బిడ్డను అందులో పెట్టింది. పిడికెడంత ఉంది. ఏడుపు పిల్లికూన కూతలా ఉంది. ఎవరూ చెప్పకుండానే, మా అమ్మకు పోయిన ఇద్దరూ ఇలాగే ఉండేవారని నాకు తెలిసిపోయింది. అక్కడ నిలబడలేక పరుగెత్తుకుని వచ్చేశాను. ఆ తరువాత అన్నం సహించలేదు. అమ్మ దిష్టి తగిలిందనుకుని ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేసింది.

గురువారం తూకాలమ్మ వచ్చేసరికి అమ్మ ఇంకా కల్లం నుంచి రాలేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటోంది.

"ఆ పాప నా వల్లే అలా పుట్టింది" అన్నాను.

ఆవిడ కలం ఆగింది. "ఏం చేశావు?"

అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నిండు బిందె చెయ్యి జారిన మనిషిలా పుస్తకం వైపు చూసింది. తరువాత, ఏ రోజు మార్చానో, ఎంత పొడి మార్చానో అడిగి, అదంతా నా ముందే రాసింది. మా ఇంటి పేజీ మీద ఒక గీత, పక్కింటి పేజీ మీద ఒక గీత అడ్డంగా కొట్టింది.

"ఈ రెండిళ్ళ తూకాలు ఇంక లెక్కలోకి రావు" అంది. "ఏం జరిగిందో తెలిసీ రాయకపోతే అది దొంగ లెక్క అవుతుంది."

అప్పుడు ఆవిడ సంచిలోంచి రెండు రంగుల డబ్బాలూ తీసింది. నన్ను కళ్ళు మూసుకోమంది. నాలుక మీద ఒక చిటికెడు వేసింది, నీళ్ళిచ్చింది, రెండో చిటికెడు వేసింది. "పసుపు చీటీది ఏదో చెప్పు."

"రెండోది. తియ్యగా ఉంది" అన్నాను ధీమాగా.

కళ్ళు తెరిపించి చూపించింది. రెండోది నీలం చీటీది. మళ్ళీ మూసుకోమంది. మళ్ళీ తప్పే చెప్పాను. మూడోసారి నాలుక మీద తేడా కోసం వెతుక్కున్నాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ రోజు నా నాలుక మీద పడిన తవుడు రుచి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియలేదు.

"మరి రెండింట్లో మంచిది ఏదండీ?"

"నాకూ తెలీదు."

అంత పెద్ద పుస్తకం మోసే మనిషి, తెలియదని ఒక పిల్లతో అనడం నేనెన్నడూ వినలేదు. "తెలిస్తే అదే అందరికీ ఇచ్చేవాళ్ళం కదమ్మా. తెలుసుకుందామనే ఇన్ని ఊళ్ళు తిరుగుతున్నాం. రెండూ మంచి తిండే. ఒకదాని బదులు ఒకటి రెండు వారాలు తిన్నంత మాత్రాన బిడ్డ నెలన్నర ముందు పుట్టదు. అది నీ వల్ల కాదు. కానీ నువ్వు చేసింది తప్పే. ఆ అక్కకి నువ్వే చెప్పాలి. పద, నేను పక్కనుంటా" అంది.

మామ్మ దొడ్లో గేదెల దగ్గరుంది. అక్క మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బుగ్గలు పీక్కుపోయాయి. ఇన్నాళ్ళూ ఆమె కొత్త చీరలు చూశాను, గాజులు చూశాను. ఆ గాజులు సన్నబడిన చేతుల మీద వదులుగా వేలాడడం అప్పుడే చూశాను. నేను చెప్పిందంతా విని, ఆమె ఎండిపోయిన పెదాలతో నవ్వింది.

"ఏ డబ్బా అయితే ఏంటే పిల్లా, నేను తాగితేగా! అదంతా గేదె కుడితిలోకే పోయింది."

తూకాలమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. "మరి ప్రతి వారం అన్నీ తింటున్నానని చెప్పావేంటమ్మా?"

"అత్తయ్య వెనకాలే ఉండేదిగా అండీ."

ఐదో నెల నుంచి ఆమెకు రోజుకు ఒక్కపూటే, అదీ చారెడు అన్నం. గుడ్డు లేదు, అరటిపండు లేదు, గడ్డ పెరుగు లేదు. మామ్మకు ఒక్కగానొక్క కూతురు ఉండేదట. బిడ్డ పెద్దదై అడ్డం తిరిగి, కాన్పులో ఆ పిల్ల పోయింది. కోడలి కడుపులో బిడ్డ పెరిగితే ఆమెకూ అదే గతి పడుతుందని మామ్మ భయం. "నా మీద కోపంతో కాదండీ" అని అక్క రెండుసార్లు చెప్పింది. తరువాత నా వైపు తిరిగింది. "మీ అమ్మ కల్లం నుంచి వచ్చి, కంచం నిండా అన్నం పెట్టుకుని గోంగూర కలుపుకుని తింటుంటే, ఆ వాసనకి నాకు ఏడుపొచ్చేది. మీ అమ్మంటే నేనెంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసే."

మా గోంగూర అన్నాన్ని చూసి కుళ్ళుకునే మనిషి లోకంలో ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

తూకాలమ్మ దొడ్లోకి వెళ్ళింది. మామ్మను ఒక్క మాట అనలేదు. కుడితి గాబు పక్కన కూర్చుని, పోయిన ఆ కూతురు ఎలా ఉండేదని అడిగింది. మామ్మ చాలాసేపు చెప్పింది, చెబుతూ ఏడ్చింది. అప్పటికి అమ్మ కల్లం నుంచి వచ్చి, నన్ను వెతుక్కుంటూ అక్కడికే చేరింది. సంగతి విని, ఎనిమిదో నెల కడుపుతో మామ్మ ఎదురుగా నేల మీద కూలబడింది.

"పిన్నీ, నాకు ఇద్దరు పోయారు. ఎలుక పిల్లల్లా పుట్టి పోయారు. అప్పుడు నేను తినలేదు. లేక తినలేదు. ఉండి కూడా పెట్టకపోతే ఎలా పిన్నీ?"

ఆ ఇద్దరి మాట మా అమ్మ నోటి నుంచి రావడం నేను వినడం అదే మొదలు. తినకపోతే పాలు పడవనీ, పాలు లేకపోతే ఆ దూదిలో ఉన్న బిడ్డ నిలవదనీ తూకాలమ్మ మెల్లగా చెబుతోంది. మామ్మ మధ్యలోనే లేచి చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. పప్పూ నెయ్యీ వేసి అన్నం కలిపి తెచ్చి, కోడలి నోట్లో ముద్ద పెట్టింది. అక్క ఏడుస్తూ తింది. మామ్మ ఏడుస్తూ పెట్టింది.

ఆ తరువాత ప్రతి గురువారం నేను పక్కింట్లోనే ఉండేదాన్ని. దూలానికి కాటా వేలాడదీసి, గుడ్డ ఉయ్యాలలో బిడ్డను పెట్టేవారు. మొదటి వారం ముల్లు కదల్లేదు. రెండో వారమూ కదల్లేదు. మూడో వారం ఒక్క గీత దాటింది. తూకాలమ్మ అది లెక్కలోకి రాని తూకమని తెలిసీ శ్రద్ధగా రాసుకుంది. నెల తరువాత మా తమ్ముడు పుట్టాడు, నిండుగా పుట్టాడు. కాటాలో వాడి ముల్లు పాప ముల్లు కంటే ఎంతో ముందుకు వెళితే నాకు గర్వంగా అనిపించింది, వెంటనే సిగ్గేసింది. ఇద్దరూ బతికారు. ఇద్దరికీ ఇప్పుడు మనవలున్నారు.

పసుపు మేలో నీలం మేలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పరిశోధన పూర్తి కాకముందే తూకాలమ్మను వేరే ఊళ్ళకు పంపించారు. వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి, అమ్మ పెట్టిన గోంగూర అన్నం తిని వెళ్ళింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అసూయ నన్ను వదిలిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మొన్నటికి మొన్న మా తోటికోడలు గుంటూరులో మూడంతస్తుల ఇల్లు కట్టి, రమ్మని ఫోను చేస్తే, ఆ రోజంతా నాకు కంచం దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. అయినా వెళ్ళాను. చుట్టాలందరూ భోజనాలు చేసి వెళ్ళిపోయేదాకా ఉన్నాను. అప్పుడు ఆమె పక్కన కూర్చుని, ఎలా ఉన్నావని అడిగాను. బాగున్నానంది. నేను లేవలేదు. కొంతసేపటికి ఆమె నా చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది. ఆమె చెప్పింది ఇక్కడ రాయను. ఆ రోజు రావలసిన బస్సుకు నేను రాలేదు, రెండు రోజులు ఆమె దగ్గరే ఉండి వచ్చాను.