కాక సబ్‌వూఫర్

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ కాకకు బొగ్గు బాయిలో డ్రిల్లింగ్ చేసీ చేసీ చెవులు దాదాపు పోయాయి. రిటైరయ్యాక టీవీకి సబ్‌వూఫర్ కొని, వైర్లు తనే పెట్టుకున్నాడు. ఎప్పుడు చూసినా ఆ డబ్బా మీద అరచెయ్యి ఆనించే కూర్చునేవాడు.

మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే క్వార్టరంతా అదిరేది.

"సూడు, ఎట్ల కొడ్తందో!" అని కాక మురిసిపోయేవాడు. అది డబ్బా కాదు, బ్లాస్టింగ్ అని ఆయనకు వినబడేలా అరిచేంత గొంతు మాకెవరికీ లేదు.

ఓపెన్‌కాస్టు మూతబడ్డాక నన్ను పిలిచాడు.

"డబ్బా ఖరాబైంది బిడ్డా, జెర సూడు."

చూస్తే, టీవీ వైరు దానికి తగిలించనే లేదు. తగిలించాను. సీరియల్లో ఉరుము ఉరిమితే కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

కాక కాసేపు చెయ్యి ఆనించి చూశాడు.

"తీసెయ్ బిడ్డా," అన్నాడు. "ఇది ఉత్త టీవీ సప్పుడే."